మార్కెట్ సీజన్ రద్దీని తట్టుకునే జావా కోడ్: డేటాబేస్ కనెక్షన్లు, థ్రెడ్లు ఎలా సంభాళించాలి

ల్యాప్‌టాప్ ముందు ఒక్కరే కూర్చుని టెస్ట్ చేస్తే ఏ జావా అప్లికేషన్ అయినా బుద్ధిగానే నడుస్తుంది. కనెక్షన్ల తప్పులు, థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల) తప్పులు బయటపడేది జనం మీద పడ్డప్పుడే. అందుకే మొదటి నుంచి చివరి దాకా రద్దీ ఉన్న ఒకే ఉదాహరణ పట్టుకుని పోదాం. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ లాంటి ఒక యార్డుకు మీరు అప్లికేషన్ రాస్తున్నారనుకోండి. గేటు దగ్గర బండి ఎంట్రీ, దడువాయి (తూకం వేసే మనిషి) కాంటా వేసి తూకం ఎక్కించడం, తక్‌పట్టీ (రైతు చేతికిచ్చే కాగితం) ప్రింట్ కావడం, రైతు ఫోన్‌కు మెసేజ్ పోవడం, ఇంతే పని. బండ్లు పలుచగా వచ్చే రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. యాసంగి వడ్లు దిగినప్పుడు ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి. అప్పుడు స్క్రీన్ మీద చక్రం తిరిగి తిరిగి సరిగ్గా 30 సెకన్లకు ఎర్రర్ పడుతుంది. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందో కాసేపట్లో చెప్తాను.

స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్), హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను టేబుళ్లకు ముడిపెట్టేది), కింద డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ ఉన్నాయనుకుని రాస్తున్నాను. స్ప్రింగ్ లేకుండా నేరుగా జేడీబీసీ (డేటాబేస్‌తో మాట్లాడేందుకు జావాలోనే ఉన్న పద్ధతి) వాడేవాళ్లకు కూడా చాలా మటుకు ఇదే వర్తిస్తుంది.

1. ఏది పంచుకోవచ్చో, ఏది పంచుకోకూడదో ముందు తేల్చుకోండి

కనెక్షన్లు ఇచ్చే డేటాసోర్స్, ఎంటిటీ మేనేజర్లను తయారుచేసే ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ (హైబర్నేట్ దాన్నే సెషన్ ఫ్యాక్టరీ అంటుంది) ఒక జాతి. ఇవి తయారు కావడానికి టైం పడుతుంది, మెమరీ కూడా తింటాయి, కానీ ఎన్ని థ్రెడ్లయినా ఒకేసారి వాడుకునేలా కట్టినవి. ఒక డేటాబేస్‌కు అప్లికేషన్ మొత్తంలో ఒకటి చాలు. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్, ఎంటిటీ మేనేజర్, సెషన్ వేరే జాతి. ఇవి ఒక థ్రెడ్‌కు, ఒక పనికి మాత్రమే. పని కాగానే మూసేయాలి.

ఇప్పుడు మీ ప్రాజెక్టు తెరిచి వెతకండి. కనెక్షన్‌నో, ఎంటిటీ మేనేజర్‌నో స్టాటిక్ ఫీల్డ్‌లో పెట్టిన చోటు ఉందా? సర్వీస్ క్లాసులోనో, సర్వ్‌లెట్‌లోనో ఫీల్డ్‌గా దాచుకున్న చోటు ఉందా? స్ప్రింగ్ బీన్ మామూలుగా ఒక్కటే తయారవుతుంది. సర్వ్‌లెట్ కూడా అంతే. టామ్‌క్యాట్ మామూలు సెట్టింగులో 200 థ్రెడ్ల దాకా ఆ ఒక్క ఆబ్జెక్టులోకే వచ్చి పోతుంటాయి. అంటే ఫీల్డ్‌లో మీరు పెట్టిన కనెక్షన్ అందరిదీ అయిపోతుంది.

ఒకే కాంటా మీద ఇద్దరు రైతుల బస్తాలు ఒకేసారి ఎక్కిస్తే ముల్లు ఏదో ఒక అంకె చూపిస్తుంది, కానీ అది ఎవరి తూకమూ కాదు. కనెక్షన్‌తో జరిగేదీ ఇదే, ఎందుకంటే ట్రాన్సాక్షన్ (కమిట్ అయితే మొత్తం నిలిచి, రోల్‌బ్యాక్ అయితే మొత్తం పోయే పనుల మూట) ఉండేది థ్రెడ్‌కు కాదు, కనెక్షన్‌కు. మొదటి థ్రెడ్ ఒక రైతు తూకం ఇన్సర్ట్ చేసి ఇంకా కమిట్ చేయలేదు. అదే కనెక్షన్ మీద రెండో థ్రెడ్‌కు ఏదో ఎర్రర్ వచ్చి రోల్‌బ్యాక్ కొట్టింది. మొదటి రైతు తూకం కూడా దాంతోపాటే పోయింది. మొదటి థ్రెడ్‌కు ఈ సంగతే తెలియదు, అది కమిట్ కొట్టి తక్‌పట్టీ ప్రింట్ చేసేస్తుంది. రైతు చేతిలో కాగితం ఉంటుంది, డేటాబేస్‌లో వరుస (రో) ఉండదు. డ్రైవర్ లోపల లాకులు పెట్టుకుని కూలిపోకుండా చూసుకున్నా ఈ కలగాపులగాన్ని మాత్రం ఆపలేదు.

ఎంటిటీ మేనేజర్ సంగతి ఇంకా సున్నితం. అది చదివిన ప్రతి ఎంటిటీని (టేబుల్ వరుసకు సాటి జావా ఆబ్జెక్టును) తన దగ్గర గుర్తుపెట్టుకుని, ఫ్లష్ సమయంలో ఏవి మారాయో చూసి అప్‌డేట్లు పంపుతుంది. ఆ లెక్కల పుస్తకాన్ని రెండు థ్రెడ్లు ఒకేసారి తిరగేస్తే ఒకసారి ఎక్సెప్షన్ వస్తుంది, ఒకసారి ఏ చప్పుడూ లేకుండా తప్పు డేటా రాస్తుంది. ఎక్సెప్షన్ వస్తే అదృష్టం అనుకోవాలి.

స్ప్రింగ్‌లో ఒక తిరకాసు ఉంది. పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ యానొటేషన్‌తో ఫీల్డ్‌లోకి వచ్చే ఎంటిటీ మేనేజర్ అసలుది కాదు, ప్రాక్సీ. ప్రతి పిలుపునూ అది ప్రస్తుత ట్రాన్సాక్షన్‌కు చెందిన ఎంటిటీ మేనేజర్‌కే పంపుతుంది. అందుకని దాన్ని ఫీల్డ్‌లో ఉంచుకోవచ్చు. ఫ్యాక్టరీని మీరే అడిగి, క్రియేట్ ఎంటిటీ మేనేజర్ అని పిలిచి తెచ్చుకున్నదాన్ని మాత్రం ఫీల్డ్‌లో పెట్టకూడదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కోడ్ రివ్యూలో జారిపోయేది ఇక్కడే.

2. సింక్రొనైజ్డ్ రాసి చేతులు దులుపుకోకండి

తూకం సేవ్ చేసే మెథడ్‌కు ముందు సింక్రొనైజ్డ్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్) అని తగిలిస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. యార్డులో ఎన్ని కాంటాలున్నా అందరినీ ఒకే వరుసలో నిలబెట్టడం మొదటి నష్టం. ఇది కంటికి కనిపిస్తుంది. రెండోది కనిపించదు. అదే మెథడ్‌కు ట్రాన్సాక్షనల్ యానొటేషన్ కూడా ఉంటే, కమిట్ జరిగేది మెథడ్ లోపల కాదు, బయట ఉన్న ప్రాక్సీలో. అంటే ముందు లాక్ విడుదలవుతుంది, ఆ తర్వాత కమిట్ అవుతుంది. ఆ సందులో రెండో థ్రెడ్ లోపలికి వచ్చి పాత విలువనే చదువుకుంటుంది. లాక్ ఉంది కదా, లెక్క ఎట్లా తప్పిందని తలపట్టుకుంటారు. పైగా అప్లికేషన్‌ను రెండు సర్వర్ల మీద నడిపిన రోజున ఆ లాక్‌కు విలువే ఉండదు. ఒక జేవీఎం (జావా ప్రోగ్రాంను నడిపే ప్రాసెస్) లాక్ ఇంకో జేవీఎంకు తెలియదు.

డేటాబేస్‌లో ఉన్న విలువను కాపాడాల్సిన పని డేటాబేస్‌కే అప్పజెప్పాలి. ఎలాగో 6వ భాగంలో వస్తుంది.

3. పూల్ ఒకటే పెట్టండి, సైజు లెక్కగట్టి పెట్టండి

స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి, అంటే 2018 నుంచి, హికారీ సీపీయే మామూలు పూల్ (ముందే తెరిచి ఉంచి, అడిగిన థ్రెడ్‌కు అరువిచ్చే కనెక్షన్ల గుంపు). మీరేమీ చెప్పకపోతే అది గరిష్ఠంగా 10 కనెక్షన్లు ఉంచుతుంది. అన్నీ వాడకంలో ఉంటే అడిగిన థ్రెడ్‌ను 30 సెకన్లు నిలబెట్టి ఎక్సెప్షన్ ఇస్తుంది. స్క్రీన్ మీద చూసిన 30 సెకన్లు ఇవే.

దాంతో అందరూ చేసే పని 10ని 100 చేయడం. తొందరపడకండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు సర్వర్‌లో ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది. నాలుగు కోర్ల మెషీన్‌లో వంద ప్రాసెస్‌లు ఒకేసారి పనికి దిగితే ఒకదాన్నొకటి తోసుకోవడమే ఎక్కువ. పోస్ట్‌గ్రెస్ వర్గాల్లో వాడుకలో ఉన్న మొదటి అంచనా ఇది: కోర్ల సంఖ్యను 2తో గుణించి, డిస్కుల సంఖ్య కలపాలి. నాలుగు కోర్లు, ఒక డిస్కు అంటే 9. ఇది డేటాబేస్ మెషీన్ కోర్ల లెక్క, మీ అప్లికేషన్ సర్వర్‌ది కాదు. ఈ అంకె దగ్గర మొదలుపెట్టి, లోడ్ పెట్టి కొలిచి, అవసరమైతే కాస్త అటూ ఇటూ జరపండి.

తర్వాత గుణకారం. పూల్ ప్రతి ఇన్‌స్టాన్స్‌కూ విడిగా ఉంటుంది. ఇదే అప్లికేషన్‌ను వడ్ల యార్డుకు రెండు ఇన్‌స్టాన్స్‌లు, జడ్చర్ల దగ్గర బాదేపల్లిలో పల్లి, మక్కల కోసం ఒకటి, నల్గొండలో బత్తాయి కోసం ఒకటి నడుపుతూ, అన్నిటికీ ఒకే డేటాబేస్ పెట్టారనుకోండి. ఒక్కోదాంట్లో పూల్ 30 అంటే మొత్తం 120. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగ్‌లో 100 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది, అందులో 3 సూపర్‌యూజర్‌కు పక్కన పెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ హద్దు 151. హికారీ మామూలుగా పూల్‌ను నిండుగానే ఉంచాలని చూస్తుంది కాబట్టి రద్దీ లేకున్నా నాలుగో ఇన్‌స్టాన్స్ లేచేటప్పటికే తిప్పలు మొదలవుతాయి.

కనెక్షన్ ఆయుష్షు గురించి ఒక్క మాట. మైఎస్‌క్యూఎల్ 8 గంటలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తెంపేస్తుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే ఇంకా ముందే తెంపొచ్చు. హికారీ మ్యాక్స్ లైఫ్‌టైమ్ మామూలుగా 30 నిమిషాలు. మీ దారిలో అంతకంటే తక్కువ హద్దు ఏదైనా ఉంటే దీన్ని దానికంటే కొన్ని సెకన్లు తగ్గించండి.

రిక్వెస్టు వచ్చినప్పుడల్లా కొత్త డేటాసోర్స్ తయారుచేసే కోడ్ కనిపిస్తే మాత్రం చర్చ అవసరం లేదు, తీసేయండి.

4. తీసుకున్న కనెక్షన్ ప్రతి దారిలోనూ వెనక్కి పోవాలి

నేరుగా జేడీబీసీ వాడే చోట ట్రై విత్ రిసోర్సెస్ తప్ప ఇంకో పద్ధతి వద్దు. 2011లో జావా 7తో వచ్చింది, ఇప్పటికీ ఫైనల్లీ బ్లాకులో చేత్తో మూసే కోడ్ రాసేవాళ్లున్నారు. ట్రై పక్కన కుండలీకరణంలో కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ వరుసగా తెరవండి. బ్లాకు ఎలా ముగిసినా, మధ్యలో రిటర్న్ అయినా, ఎక్సెప్షన్ వచ్చినా, తెరిచిన క్రమానికి ఎదురు క్రమంలో అవే మూసుకుంటాయి. పూల్ నుంచి వచ్చిన కనెక్షన్‌ను క్లోజ్ చేస్తే తెగిపోదు, పూల్‌కు తిరిగి పోతుంది. అందుకని క్లోజ్ చేస్తే మళ్లీ తెరవడానికి టైం పడుతుందన్న భయం పెట్టుకోకండి.

స్ప్రింగ్ లేకుండా జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం) వాడుతుంటే ఎంటిటీ మేనేజర్‌కూ ఇదే పద్ధతి. జకార్తా పర్సిస్టెన్స్ (జేపీఏకు ఇప్పటి పేరు) 3.1 నుంచి దాన్ని కూడా ట్రై విత్ రిసోర్సెస్‌లో పెట్టొచ్చు. అంతకుముందు వెర్షన్లయితే ఫైనల్లీలో క్లోజ్ చేయాల్సిందే.

లీకులు, అంటే కనెక్షన్ వెనక్కి పోని తప్పులు, ఎక్కువగా దొరికే చోట్లు ఇవి. తక్‌పట్టీల జాబితా తెచ్చే మెథడ్ రిజల్ట్‌సెట్‌నే బయటికి రిటర్న్ చేస్తుంది, దాన్ని మూసే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. రిపాజిటరీ నుంచి స్ట్రీమ్ తీసుకుని, వాడి, మూయకుండా వదిలేస్తారు. జావాలో మామూలు లిస్ట్ మీది స్ట్రీమ్‌ను మూయక్కర్లేదు కాబట్టి చేతికి అదే అలవాటు. డేటాబేస్ స్ట్రీమ్ వెనక కర్సర్ తెరిచి ఉంటుంది, మూయాలి.

కళ్లతో వెతకడం కష్టమైతే హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ 20 సెకన్లకు పెట్టండి. విలువ మిల్లీసెకన్లలో ఇవ్వాలి, అంటే 20000. అంతకంటే ఎక్కువసేపు బయట ఉన్న కనెక్షన్‌ను కోడ్‌లో ఏ లైన్‌లో తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో రాస్తుంది. ఇది చెప్పడం వరకే, కనెక్షన్‌ను లాక్కుని పూల్‌లో వేయదు. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. నా మట్టుకు ప్రొడక్షన్‌లో కూడా ఆన్‌లోనే ఉంచమంటాను.

5. ట్రాన్సాక్షన్ లోపల బయటి పనులు పెట్టకండి

అన్నిటికంటే ఎక్కువ లాభం వచ్చే మార్పు ఇదే. లెక్క చూడండి. పూల్‌లో 10 కనెక్షన్లు, ఒక్కో తూకం నమోదు ట్రాన్సాక్షన్‌కు 50 మిల్లీసెకన్లు. సెకనుకు 200 తూకాలు ఎక్కించవచ్చు, ఏ యార్డుకైనా చాలు. ఇప్పుడు అదే ట్రాన్సాక్షనల్ మెథడ్ చివర రైతుకు మెసేజ్ పంపే పిలుపు పెట్టారు. ఆ గేట్‌వే రద్దీలో 3 సెకన్లు తీసుకుంది. కనెక్షన్ ఆ 3 సెకన్లూ ఊరికే పట్టుకుని కూర్చుంది. సెకనుకు 3 తూకాలకు పడిపోయారు. డేటాబేస్ మాత్రం ఈ సమయమంతా ఖాళీగా ఉంది, సీపీయూ గ్రాఫ్ చూసి దానిలో తప్పేమీ లేదంటారు, నిజమే కూడా.

కాబట్టి మెసేజ్, ప్రింటర్, బయటి సర్వర్‌కు హెచ్‌టీటీపీ పిలుపు, ఫైల్ అప్‌లోడ్, వీటన్నిటినీ కమిట్ తర్వాతకు జరపండి. స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ మామూలుగా కమిట్ అయ్యాకే పిలుస్తుంది. కానీ ఆ క్షణంలో కనెక్షన్ ఇంకా పూల్‌కు చేరి ఉండదు, కాబట్టి 3 సెకన్ల పనిని అక్కడే చేయకుండా వేరే థ్రెడ్‌కు అప్పగించండి. మెసేజ్ తప్పకుండా పోవాల్సిందే అయితే, తూకం ఎక్కించే ట్రాన్సాక్షన్‌లోనే పంపాల్సిన మెసేజ్‌ల టేబుల్‌లో ఒక వరుస రాయండి. దాన్ని చదివి పంపే పనిని విడిగా నడపండి. తూకం రోల్‌బ్యాక్ అయితే మెసేజ్ కూడా ఉండదు, సర్వర్ మధ్యలో పడిపోతే మెసేజ్ పోకుండానూ ఉండదు.

స్ప్రింగ్ బూట్‌లో ఎంటిటీ మేనేజర్‌ను రిక్వెస్టు మొత్తం తెరిచి ఉంచే ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. అప్లికేషన్ లేచేటప్పుడు దాని గురించి లాగ్‌లో ఒక హెచ్చరిక వస్తుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. అది ఆన్‌లో ఉంటే మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్ సాధారణంగా రిక్వెస్టు ముగిసే దాకా చేతిలోనే ఉంటుంది. అంటే మీరు ట్రాన్సాక్షన్ చిన్నగా రాసుకున్నా ఉపయోగం లేదు. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే ఫాల్స్ చేయండి. పాత ప్రాజెక్టులో చేస్తే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్లు (ఎంటిటీ మేనేజర్ మూసుకున్నాక ఇంకా తేని డేటా అడిగితే వచ్చేవి) కుప్పలుగా వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా జాయిన్ ఫెచ్‌తోనో, కావాల్సిన కాలమ్స్ మాత్రమే తెచ్చే డీటీఓతోనో సర్దుకుంటూ రావాలి. ఓపిక కావాలి కానీ దండగ కాదు.

రిక్వయర్స్ న్యూ (నడుస్తున్న ట్రాన్సాక్షన్‌ను ఆపి కొత్తది మొదలుపెట్టమనే సెట్టింగ్) వాడేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. బయటి ట్రాన్సాక్షన్ ఒక కనెక్షన్‌ను పట్టుకుని ఉండగానే లోపలిది ఇంకోటి అడుగుతుంది. 10 థ్రెడ్లు ఒకేసారి మొదటిది తీసుకుని రెండోదాని కోసం నిలబడితే పూల్ ఖాళీ, ఎవరూ కదలరు, 30 సెకన్లు గడవాల్సిందే. తప్పదనుకుంటే పూల్ కనీస సైజు లెక్క ఇది: థ్రెడ్ల సంఖ్యను, ఒక్కో థ్రెడ్ ఒకేసారి పట్టుకునే కనెక్షన్లలోంచి ఒకటి తీసేసి వచ్చినదానితో గుణించి, ఒకటి కలపాలి. 10 థ్రెడ్లు, రెండేసి కనెక్షన్లు అంటే 11.

6. ఒకే వరుస మీద ఇద్దరు పడితే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేసినా ఒక తప్పు మిగులుతుంది. గోనె సంచుల స్టాక్ 500 ఉంది. రెండు కౌంటర్లు ఒకేసారి 500 అని చదివాయి. ఒకరు 40 ఇచ్చి 460 రాశారు, ఇంకొకరు 60 ఇచ్చి 440 రాశారు. ఉండాల్సింది 400. ఎవరి కనెక్షన్ వారిదే, ఎవరి ఎంటిటీ మేనేజర్ వారిదే, లెక్క మాత్రం తప్పింది.

కూడిక, తీసివేత లాంటి పనికి నేనైతే ముందు చూసేది సూటి అప్‌డేట్. స్టాక్‌లోంచి 40 తీసేయి, స్టాక్ 40కి తక్కువ లేకపోతేనే, అని ఒకే స్టేట్‌మెంట్‌లో రాసి, ఎన్ని వరుసలు మారాయో చూడండి. సున్నా వస్తే సంచులు చాలలేదన్నమాట. చదవడం, లెక్కించడం, రాయడం మధ్యలో సందే ఉండదు.

ఫారం తెరిచి ఆలోచించి సేవ్ చేసే పనులకు, ఉదాహరణకు రైతు వివరాలు దిద్దడానికి, ఎంటిటీలో వెర్షన్ యానొటేషన్ ఉన్న ఫీల్డ్ పెట్టండి. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే ఆప్టిమిస్టిక్ లాక్ ఎక్సెప్షన్ వస్తుంది. వచ్చాక అదే ఎంటిటీ మేనేజర్‌తో మళ్లీ ప్రయత్నించకండి, ఎక్సెప్షన్ తిన్న ఎంటిటీ మేనేజర్‌ను నమ్మకూడదు. ట్రాన్సాక్షన్ మొత్తం కొత్తగా మొదలుపెట్టి, మళ్లీ చదివి, మళ్లీ రాయాలి.

తక్‌పట్టీ నంబర్ కోసం టేబుల్‌లో పెద్ద నంబర్ చదివి ఒకటి కలిపే కోడ్ రద్దీలో తప్పకుండా రెండు కాగితాలకు ఒకే నంబర్ వేస్తుంది. సీక్వెన్స్ (డేటాబేసే కొత్త నంబర్లు ఇచ్చే ఏర్పాటు, మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఆటో ఇంక్రిమెంట్) వాడండి. రోల్‌బ్యాక్ అయిన నంబర్లు సీక్వెన్స్‌లో ఖాళీలుగా మిగులుతాయి, ఆడిట్ వాళ్లు వరుసగా ఉండాల్సిందే అంటే కౌంటర్ టేబుల్‌లో ఒక వరుస పెట్టి, పెసిమిస్టిక్ రైట్ లాక్‌తో చదివి పెంచండి. అప్పుడు అందరూ ఆ వరుస దగ్గర ఆగుతారు, కాబట్టి ఆ పనిని ట్రాన్సాక్షన్ చివరికి నెట్టండి.

7. వేరే థ్రెడ్‌కు పని అప్పగించేటప్పుడు

స్ప్రింగ్ ట్రాన్సాక్షన్‌ను థ్రెడ్ లోకల్‌లో దాచుకుంటుంది. అసింక్ మెథడ్, కంప్లీటబుల్ ఫ్యూచర్, పారలెల్ స్ట్రీమ్, ఏదైనా సరే, కొత్త థ్రెడ్‌లోకి పాత ట్రాన్సాక్షన్ రాదు. రానివ్వాలని ప్రయత్నించకండి కూడా. ఎంటిటీని అటు పంపకుండా దాని ఐడీ మాత్రమే పంపండి. అక్కడ తన సొంత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, తానే చదువుకుంటుంది. ఐడీ పంపేది కమిట్ అయ్యాకే, లేకపోతే కొత్త థ్రెడ్ మీకంటే ముందు డేటాబేస్‌కు వెళ్లి, అలాంటి తూకమే లేదని తిరిగొస్తుంది.

2023లో వచ్చిన జావా 21 వర్చువల్ థ్రెడ్లతో వేల రిక్వెస్టులు ఒకేసారి లోపలికి రావచ్చు. డేటాబేస్ కనెక్షన్లు మాత్రం అన్నే ఉంటాయి. వాటి ముందు వరుస పొడవవుతుంది, అంతే.

8. రద్దీని మీరే తయారుచేసి చూడండి

టెస్టుల్లో పూల్ సైజు 2కు తగ్గించి, కనెక్షన్ టైమౌట్ కొన్ని సెకన్లకు పెట్టండి. లీకయ్యే కోడ్, ఒకేసారి రెండు కనెక్షన్లు అడిగే కోడ్ మొదటి రోజే దొరికిపోతాయి. ఎగ్జిక్యూటర్‌తో 50 థ్రెడ్లు లేపి, కౌంట్‌డౌన్ ల్యాచ్ దగ్గర అన్నిటినీ ఆపి, ఒకేసారి వదిలి, చివర స్టాక్ ఎంతుందో, నంబర్లు రెండుసార్లు వచ్చాయో లేదో లెక్క చూడండి. ప్రొడక్షన్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటే టెస్ట్ కూడా పోస్ట్‌గ్రెస్ మీదే చేయాలి. పోస్ట్‌గ్రెస్ మామూలు ఐసొలేషన్ (ఒక ట్రాన్సాక్షన్‌కు ఇంకోదాని మార్పులు ఎంతవరకు కనిపించాలన్న నియమం) రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీది రిపీటబుల్ రీడ్. మెమరీలో నడిచే డేటాబేస్ మీద పాసైన లాకింగ్ టెస్ట్ దేనికీ హామీ కాదు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకరోజు అప్లికేషన్ బిగుసుకుపోతే, ఫోన్లో అవతలి వాళ్లు ఎంత తొందరపెట్టినా రీస్టార్ట్ చేయకముందే జేస్టాక్‌తో థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) తీయండి. అయిదారు సెకన్ల తేడాతో ఇంకోటి తీయండి. ఎక్కువ థ్రెడ్లు హికారీ పూల్ దగ్గర కనెక్షన్ కోసం నిలబడి ఉంటే వాటిని వదిలేయండి, అవి బాధితులు. మిగిలిన ఆ కొన్ని థ్రెడ్లు ఏం చేస్తున్నాయో చూడండి, కనెక్షన్లు వాటి దగ్గరే ఉన్నాయి. అదే సమయంలో డేటాబేస్ వైపు మైఎస్‌క్యూఎల్ అయితే షో ప్రాసెస్‌లిస్ట్, పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ స్టాట్ యాక్టివిటీ చూసి, చాలాసేపటి నుంచి ఉన్న వరుసలను (పోస్ట్‌గ్రెస్‌లో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని ఉన్నవాటిని) కాపీ చేసి పెట్టుకోండి. రీస్టార్ట్ కొట్టగానే ఈ రెండూ పోతాయి.